సీలు ఉంటే చాలు

మా వైపు చుట్టం ఇంటికొచ్చి మంచినీళ్ళు అందుకునే ముందు "ఏ నీళ్ళివి?" అని అడుగుతాడు. మేమేమీ నొచ్చుకోం. ఇంకో ఊళ్ళో ఆ మాట అడిగితే చెంబు పెట్టి కొడతారేమో. ఉద్దానంలో అది కుశలప్రశ్న లాంటిదే. పెళ్ళి సంబంధాల్లోనూ అంతే. చదువు, ఉద్యోగం, పొలం అన్నీ మాట్లాడుకున్నాక ఎవరో ఒక పెద్దాయన గొంతు తగ్గించి, "మీ ఇంట్లో ఆ జబ్బు ఎవరికైనా..." అని సగంలో ఆపుతాడు. మిగతా సగం ఎవరూ పలకరు. జబ్బు పేరు నోటితో అంటే గుమ్మం దాటి లోపలికొస్తుందని మా వాళ్ళ భయం.

మా ఇంట్లోకి ఎవరూ పేరు పెట్టి పిలవకుండానే వచ్చింది. జలంత్రకోట దగ్గర మాకు కొబ్బరితోట ఉంది, తోట మధ్యలో నుయ్యి. నాన్న ఎండలో పనిచేసి వచ్చి నూతి గట్టున వంగి దోసిలి పట్టేవాడు, అమ్మ చేదతో పోసేది. కల్లు ముట్టని మనిషి, చుట్ట కాల్చని మనిషి. అలాంటి నాన్నకి కాళ్ళు వాచాయి. నేను అప్పుడు కాలేజీలో చదువుతున్నాను. ఓ సాయంత్రం నూనె రాస్తూ ముంగాలి మీద బొటనవేలు నొక్కితే అక్కడ గుంట పడింది. చెయ్యి తీశాక కూడా ఆ గుంట పూడలేదు, చలిమిడి ముద్దలో వేలు దింపినట్టు అలాగే ఉండిపోయింది. నేను సరదాగా ఇంకోచోట కూడా నొక్కి చూశాను. నాన్న నవ్వాడు.

పరీక్షలు చేసిన డాక్టరు కిడ్నీలు పాడవుతున్నాయన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఎడమ చేతికి ఇక సూది గుచ్చనివ్వకండి, ఆ చేతి నరాలు దాచుకోండి, ముందు ముందు మిషను మీద రక్తం శుభ్రం చెయ్యాల్సి వస్తే ఆ నరాలతోనే పని అన్నాడు. ఆ రోజు నుంచి నాన్న ఎడమ చెయ్యి అమ్మ సొత్తయిపోయింది. ఆ చేత్తో బకెట్ ఎత్తనిచ్చేది కాదు. ఏ ఆసుపత్రికెళ్ళినా, సూది పట్టుకున్న మనిషి కనబడితే చాలు, "ఎడం సెయ్యి వద్దు బాబూ, కుడి సేతికి తియ్యండి" అని అడ్డం వెళ్ళేది. ఇంత జాగ్రత్త ఎందుకని నేనూ తమ్ముడూ ఆటపట్టించేవాళ్ళం. తర్వాత ఆ చెయ్యి పనికొచ్చింది. కొన్నాళ్ళు మిషను మీద బతికి నాన్న వెళ్ళిపోయాడు.

ఎందుకొచ్చిందంటే చెప్పేవాడు లేడు. నీళ్ళన్నారు, మట్టి అన్నారు, తోటలకి కొట్టే మందులన్నారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు. వాళ్ళకేం తెలిసిందో గానీ, మాకు అర్థమయ్యేలా వెనక్కొచ్చి చెప్పినవాళ్ళు లేరు. జవాబు దొరకని మనిషి చేతికందిన జవాబునే పట్టుకుంటాడు. అమ్మకి చేతికందింది నుయ్యి. గిలక ఊడదీయించి, నూతి మీద రేకు వేయించి, తోట కౌలుకిచ్చి, తమ్ముణ్ణి తీసుకుని పలాసలో అద్దింట్లో దిగింది. నేను అప్పటికే టెక్కలిలో టీచరుగా చేరాను.

పలాసలో అమ్మ ఒక్కటే చట్టం పెట్టింది. సీలు ఉంటేనే నోట్లోకి పోవాలి. మొదట నీళ్ళ క్యాను. దాని మూత చుట్టూ ప్లాస్టిక్ సీలు సరిగ్గా ఉందో లేదో వేలితో తడిమి చూసేది. తర్వాత ఆ తడమడం అన్నిటికీ పాకింది. పాలు, పెరుగు, బిస్కెట్లు, చిప్సు, కూల్‌డ్రింకులు. ఎక్కడో దూరాన, మన నేల తగలకుండా, మిషన్లో తయారై, మూత బిగించుకుని వచ్చినవి కాబట్టి వాటిలో ఆ జబ్బు ఉండదు. మరి ఊరి నుంచి కౌలుదారు పంపిన వంకాయలు? అవి ఆ నేల నీళ్ళు తాగి పెరిగినవి, పనిమనిషికి ఇచ్చేసేది. బారువ నుంచి వచ్చే ఎండుచేపలు మానేసింది. చివరికి మా చెట్టు బొండాలు కూడా మానేసింది. బొండంలో ఉన్నవీ ఆ నీళ్ళే కదమ్మా అంది. కొబ్బరితోట ఉన్నవాళ్ళం బొండం వెలివేసి, రంగునీళ్ళ సీసాలు ఫ్రిజ్‌లో వరసగా పేర్చుకున్నాం. పెనం మీంచి పొయ్యిలో పడడమంటే ఇదేనని నేను అప్పుడు కూడా అన్నాను. నేను టీచర్ని కాబట్టి ఇంట్లో నా మాట ఎవరూ వినరు.

తమ్ముడు జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో లెక్కలు రాస్తాడు. అమ్మకున్న భయమే వాడికీ ఉంది, నాన్నని తీసుకెళ్ళిన నీళ్ళ మీద పగ కూడా ఉంది. ఆ రెండూ కలిసి వాణ్ణి స్టేషను దగ్గరి ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గరికి నడిపించాయి. ఓసారి నన్ను కూడా తీసుకెళ్ళాడు. పెద్ద మూకుడు కింద మంట హోరుమంటోంది. బండివాడు నూడుల్స్ గాల్లోకి ఎగరేసి పట్టుకుంటున్నాడు. ఎర్ర సాసు, నల్ల సాసు, గుప్పెడు ఉప్పు, దాని మీద తెల్లటి పొడి, ఆఖర్న పలాస కాబట్టి ఇంత జీడిపప్పు బద్దలు.

"సూడప్పా, ఆ మంటలో ఏ పురుగు బతుకుతాది?" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం.

"ఆ నూడుల్స్ ఏ నీళ్ళల్లో ఉడకబెట్టాడో అడిగావా?" అన్నాను, బండి కింద ఉన్న నీలం డ్రమ్ము చూపిస్తూ.

"మరిగిపోయాక ఏ నీల్లయితేనేటి?" అని నవ్వి, దాహానికి మాత్రం ఆ డ్రమ్ము నీళ్ళు ముట్టకుండా కూల్‌డ్రింకు మూత తిప్పాడు. ఆ మూత టక్కుమన్న చప్పుడు విన్నాక గానీ వాడికి మొహం తేటపడదు. చీదరించుకుంటూ నేనూ తిన్నాను, రుచిగానే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంటికొచ్చి ఎన్ని నీళ్ళు తాగినా నాలుక మీద ఉప్పు వదల్లేదు.

అది వాడికి రోజూ భోజనం. మధ్యాహ్నం ఆఫీసులో ఎగ్ పఫ్, కూల్‌డ్రింకు. సాయంత్రం మంచూరియా, లేదంటే ఫ్రైడ్ రైసు. ఇంటికొచ్చాక అమ్మ వండింది రెండు ముద్దలు కెలికి చిప్సు పాకెట్టు విప్పేవాడు. వాడు లావెక్కుతుంటే అమ్మ మురిసిపోయింది. ఆమె చూసిన జబ్బు మనిషిని ఎముకల గూడు చేసి తీసుకెళ్ళింది. కాబట్టి ఆమె లెక్కలో ఒళ్ళు చేసిన మనిషి జబ్బుకి దొరకని మనిషి. పక్కింటావిడ కూడా "పలాస నీల్లకి నీ కొడుకు తేరుకున్నాడు" అంది. అది తేరుకోవడం కాదు, ఉబ్బడం అని నేనన్నాను. దిష్టి పెట్టకమ్మా అని అమ్మ ఆ పూట నాతో మాట్లాడలేదు.

నాకు దిష్టి ఎక్కడిది. నాకున్నది భయం. పలాస స్టేషన్లో మెట్ల వంతెన ఎక్కుతూ వాడు మధ్యలో ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేవాడు. రొప్పు నాకు వినిపించేది. మధ్యాహ్నాలు తల బద్దలవుతోందని కళ్ళు మూసుకునేవాడు. వాచీ పట్టీ ఆఖరి కన్నానికి వెళ్ళింది. పొద్దున్న చూస్తే కళ్ళ కింద సంచులు. బీపీ చూపించుకోరా అని వెళ్ళినప్పుడల్లా పోరేదాన్ని.

"పరీక్ష సేయిత్తేనే వత్తాదప్పా ఆ జబ్బు. నాన్నకి సేయించక ముందు ఏటుంది సెప్పు? ఏటీ నేదు" అనేవాడు.

ఇది వాడొక్కడి మాట కాదు. మా ఊళ్ళల్లో చాలామంది ఇలాగే అంటారు. రక్తం తీసిన రోజున జబ్బు పుట్టిందనుకుంటారు, అంతకు ముందు లేదనుకుంటారు. "అయినా నేను ఆ నీల్లు ముట్టుకుంటే కదా" అని వాడే మళ్ళీ ధైర్యం చెప్పేవాడు. నాకో తనకో తెలీదు. చెవిటివాడి ముందు శంఖం ఊది ఊది నేను అలసిపోయి టెక్కలి బస్సెక్కేదాన్ని.

కిందటేడు నాన్న తద్దినానికి అందరం ఊరికెళ్ళాం. కార్యం మాత్రం సొంత ఇంట్లోనే జరగాలని అమ్మ పట్టు. వంటకి కూడా పలాస నుంచి క్యాన్లు ఆటోలో వేయించుకొచ్చింది. తమ్ముడు పీట మీద కూర్చోవడానికే అవస్థ పడ్డాడు. పొట్ట అడ్డం, మోకాళ్ళు ముడవవు. ఎలాగో కాళ్ళు ఇరికించి కూర్చుని, వేలికి దర్భ ఉంగరం పెట్టించుకున్నాడు. పంతులుగారు నువ్వులు సిద్ధం చేసి, "తర్పణానికి నూతి నీళ్ళు ఓ చెంబుడు తెప్పించండమ్మా" అన్నారు.

అమ్మ కదల్లేదు. తమ్ముడు సంచిలోంచి నీళ్ళ సీసా తీశాడు.

"ఆ నీల్లు తాగే పోయాడు పంతులుగారూ మా నాన్న. మళ్ళీ ఆ నీల్లే ఎలగ ఇమ్మంటారు?" అన్నాడు.

పంతులుగారు నువ్వుల పళ్ళెం ముందుకి జరిపారు. ఆయనదీ ఆ పక్క ఊరే. ఆయన ఇంట్లోకీ ఆ జబ్బు వచ్చిపోయిందని మాకు తెలుసు. "కానీ బాబూ, నీళ్ళు నీళ్ళే" అన్నారు. టక్కుమని సీలు ఊడింది. ఆ చప్పుడుకి నాకు ఒళ్ళు మండింది. బతికినన్నాళ్ళూ నూతి గట్టున దోసిలి పట్టిన మనిషికి, చచ్చాక కంపెనీ నీళ్ళు. బయటికెళ్ళి ఆ రేకు పీకి పారేసి ఓ చేదెడు తోడుకొద్దామనిపించింది. కానీ తమ్ముడి మొహం చూశాను. వాడు నువ్వులూ నీళ్ళూ బొటనవేలి పక్క నుంచి జారవిడుస్తూ, ఒక్క చుక్క పక్కకి పోకుండా, ఎంతో శ్రద్ధగా పోస్తున్నాడు. తండ్రికి మంచి నీళ్ళు ఇస్తున్నానని వాడి నమ్మకం. నేను అక్కడే కూర్చుండిపోయాను.

కార్యం అయింది. వాడు నా భుజం ఊతగా పట్టుకుని లేచి అరుగు మీద చేరగిలబడ్డాడు. పంచె పైకి జరిగింది. ముంగాలి మీద పీట అంచు ఒత్తుకున్న చోట గాడి పడి ఉంది. నిమిషమో రెండు నిమిషాలో చూశాను. ఎర్రటి రంగు పోయింది గానీ గాడి పోలేదు. పక్కన కూర్చుని, ఏదో చీమని తుడుస్తున్నట్టు, ఆ పక్కనే బొటనవేలితో నొక్కాను. వేలు లోపలికి దిగింది. తీశాను. గుంట అలాగే ఉంది.

"ఏటప్పా?" అన్నాడు.

"ఏమీ లేదు" అన్నాను.

అమ్మని పిలిచి చూపించాను. ఆమె వంగి, తనూ ఒకసారి నొక్కింది. నాన్న కాళ్ళకి నాకంటే ఎక్కువ నూనె రాసిన చెయ్యి అది. ఆమెకి తెలీకపోవడం అనేది లేదు. కానీ పంచె కిందికి లాగి, "పీట మీద ఎక్కువసేపు కూకున్నాడు కదమ్మా, పట్టీసింది" అని లోపలికెళ్ళిపోయింది. తమ్ముడు చిప్సు పాకెట్టు విప్పాడు. ఆకు మీది కూరలు ఊళ్ళో చుట్టాలు తెచ్చినవని వాడు ముట్టుకోలేదు.

ఆ వారంలోనే సెలవు పెట్టి పలాస వెళ్ళాను. వాడి ఆఫీసులో అందరి ముందూ నిలబడి, లేస్తావా ఇక్కడే గోల చెయ్యమంటావా అన్నాను. పరువు కోసం లేచాడు. ఆసుపత్రిలో బీపీ చూసిన అమ్మాయి ఒకసారి చూసి, పట్టీ విప్పి, మళ్ళీ చుట్టి చూసింది. రక్తం, మూత్రం పరీక్షలయ్యాక డాక్టరు పిలిచి ఏం తింటావని అడిగాడు.

"ఉద్దానం నీల్లు ముట్టి చాలా ఏల్లయిందండి" అన్నాడు వాడు, మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడిలా.

"నీళ్ళ సంగతి అడగలేదు, తిండి సంగతి చెప్పు" అన్నాడు డాక్టరు. వాడు చెప్పాడు. దాచలేదు, దాచాల్సినవని వాడికి తెలీదు. నాన్న సంగతి నేను కలిపాను. డాక్టరు మధ్యలో ఆపకుండా అంతా విన్నాడు.

"మీ నాన్నగారికి ఎందుకొచ్చిందో నేను చెప్పలేను బాబూ. అది ఇంకా తేలని సంగతి. నీ బీపీ ఎందుకొచ్చిందో మాత్రం చెప్పగలను. రోజూ ఇంత ఉప్పు, ఇంత నూనె, నీళ్ళకి బదులు చక్కెర పానకం. ఆ ఇంట్లో పుట్టినందుకు నీ కిడ్నీలు ముందే కాస్త బలహీనమేమో. అలాంటి వాటి మీద ఇన్నాళ్ళూ ఈ బరువు వేశావు. ఇప్పుడవి సరిగ్గా పనిచెయ్యడం లేదు" అన్నాడు. మాత్రలు రాసి, బయటి తిండి పూర్తిగా మానాలని, కొన్ని వారాలాగి మళ్ళీ రక్తం చూస్తే ఎటు పోతోందో తెలుస్తుందని చెప్పాడు.

మెట్లు దిగుతూ తమ్ముడు నన్ను అడిగిన మొదటి మాట, "అంటే ఇది ఆ జబ్బు కాదా?" అని. ఆ మాటలో ఆశ వినబడింది. ఏ రాయైతేనేం పళ్ళు ఊడగొట్టుకోవడానికి అని నోటిదాకా వచ్చింది. మాత్రల చీటీ పట్టుకుని ముందుకి నడిచాను.

ఇంట్లో అమ్మ అంతా విని, "సిన్నప్పుడు తాగిన నూతి నీల్లు ఇప్పుడు బయటపడ్డాయన్నమాట" అంది. నేను డాక్టరు మాట మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆమె తలూపి, వాడి మొహం వాడిపోయిందని ఫ్రిజ్ తీసి, చల్లటి నారింజరంగు సీసా తెచ్చి, సీలు వేలితో తడిమి చూసి మరీ వాడి చేతిలో పెట్టింది. నాకు ఒళ్ళు తెలీలేదు. సీసా లాక్కుని సింకులో ఒంపేశాను. నువ్వే వాణ్ణి చంపుతున్నావని అరిచాను. అలా అనకూడని మాట అని అంటున్నప్పుడే తెలుసు.

అమ్మ ఏడవలేదు. ఖాళీ సీసా సింకులోంచి తీసి పక్కన నిలబెట్టి, "మరి నా బిడ్డకి ఏటి పట్టమంటావే? నూతిలో ఉందన్నారు, నుయ్యి మూసీసాను. నేలలో ఉందన్నారు, నేల వదిలీసాను. ఇప్పుడు సీసాలోనూ ఉందంటన్నావు. ఏటి పట్టమంటావు?" అంది. నేను కుళాయి తిప్పి సింకులో మిగిలిన నారింజరంగు కడిగేశాను.

తర్వాత అమ్మ ఉప్పు తగ్గించి వండడం మొదలుపెట్టింది. క్యాను నీళ్ళే వాడికి గ్లాసుతో ఇచ్చేది. తమ్ముడు చప్పిడి కూడు తినలేక నా మీద విసుక్కునేవాడు. ఓ సాయంత్రం నేను వెళ్ళేసరికి వాడి చొక్కాకి మూకుడు పొగ వాసన కొట్టింది. ఏరా అంటే, "తినలేదప్పా, వాసన పీల్చి వచ్చీసాను" అన్నాడు. నవ్వాను గానీ నమ్మలేదు. కాళ్ళు చూపించమంటే ప్యాంటు పైకి తియ్యలేదు.

మళ్ళీ రక్తం ఇవ్వాల్సిన రోజు వచ్చింది. ఈసారి అమ్మ కూడా వస్తానంది. నాన్న పోయాక ఆమె ఆసుపత్రి గడప తొక్కడం అదే మొదలు. చేతిసంచిలో ఏముందో చూశాను. స్టీలు గ్లాసు, క్యాను నీళ్ళు పోసిన పాత మరచెంబు. సీలు ఉన్నది ఒక్కటీ లేదు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. తమ్ముడు కూడా హుషారుగానే ఉన్నాడు, లైన్లో ముందున్న ముసలాయనతో జీడిపప్పు ధరల గురించి మాట్లాడుతున్నాడు.

వాడి వంతు రాగానే కుర్చీలో కూర్చున్నాడు. కుడిచేత్తో లెక్కలు రాసే మనిషి కాబట్టి, ఆ చెయ్యి నొప్పెట్టకుండా ఎడమ చొక్కా చెయ్యి మడిచి, బల్ల మీద చాపాడు. రక్తం తీసే అమ్మాయి రబ్బరు పట్టీ కట్టబోయింది.

అమ్మ నా పక్కనుంచి లేచి వెళ్ళి, వాడి మోచేతి మీద తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఎడం సెయ్యి వద్దమ్మా. కుడి సేతికి తియ్యి" అంది.

ఆ అమ్మాయి తలెత్తి, "డాక్టరు గారు చెప్పారామ్మా?" అని అడిగింది.

"నేదమ్మా, ఎవరూ సెప్పనేదు" అంది అమ్మ. చెయ్యి మాత్రం తియ్యలేదు.

తమ్ముడు అమ్మ మొహంలోకి చూశాడు. ఆ మాట ముందెవరి కోసం అనేదో వాడికి గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి వెనక్కి తీసుకుని, మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించి, కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు.